క్రాగ్‌వెల్ కింది గది

మా క్రాగ్‌వెల్ కొండ మీద నీళ్ళ వైద్యం చేసే ఇంటికి మంచి పేరుండేది. ఆ ఇంట్లో కింది గదికి మాత్రం ఉండేది కాదు. తెల్లారకముందే పాలు తెచ్చేవాడు ఆ కిటికీ పక్కనుంచి వెళ్ళాల్సొస్తే క్యాన్లు ఒకదానికొకటి కొట్టి మోగించుకుంటూ పోయేవాడు. తన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు చెవిన పడకూడదని.

దాని సంగతి ఇలా చెప్పుకునేవారు. నరాల జబ్బుతో వచ్చిన ఒక పాదిరీగారి భార్యని తడి దుప్పట్లో చుట్టి ఆ గదిలో పడుకోబెట్టారట. చన్నీళ్ళలో ముంచి పిండిన దుప్పటి, దాని మీద బరువైన కంబళ్ళు... మెడ నుంచి పాదాల దాకా, పసిపిల్లని పొత్తిళ్ళలో చుట్టినట్టు. చేతులు లోపలే. ముఖం ఒక్కటే బయటికి. ఓ గంట అలా ఉంటే నరాలు చల్లబడి మనిషి కుదుటపడుతుందని వైద్యం. ఆ రోజు ఆవిడని విప్పడం ఎవరో మరిచిపోయారు. గుర్తొచ్చి వెళ్ళేసరికి ఆవిడలో ప్రాణం లేదు.

గదికి గొళ్ళెం పెట్టేశారు. అప్పట్నుంచీ కొన్ని రాత్రులు కింద నుంచి ఒక గొంతు వినిపిస్తుందని అనేవారు.

"విప్పండి..."

అంతే. ఒక్క మాట. అందులో కోపం లేదు, ఏడుపు లేదు. తలుపవతల ఎవరో నించున్నారని తెలిసి, వాళ్ళని అడుగుతున్నట్టు ఉండేదట.

విక్టోరియా రాణిగారి రోజులవి. నరాల బలహీనత కాస్త కలిగిన ఇంట్లో ఎవరో ఒకరికి ఉండేదే. లేకపోతే ఆ ఇంటికేదో లోటన్నట్టు చూసేవారు. కొందరు నరాల్ని జోకొట్టే బ్రోమైడ్ మందు తాగేవారు. కొందరు నడుముకి కరెంటు పట్టీ కట్టుకుని, ఒళ్ళు జివ్వుమంటే గుణమిచ్చిందనుకునేవారు. కొందరు తెరలు దించిన గదిలో, పుస్తకం లేకుండా, పలకరించే మనిషి లేకుండా, నెలల తరబడి పాలు తాగుతూ పడుకునేవారు. ఇవేవీ పనిచెయ్యనివాళ్ళు మా కొండెక్కేవారు. డాక్టర్ థ్రోప్ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉండేది.

ఆ శరత్తులో వచ్చినవాళ్ళలో లెటిషియా హార్‌గ్రీవ్ ఒకతె. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లున్న జోసయా హార్‌గ్రీవ్ భార్య.

అంతకుముందు వసంతంలో ఆమెకి మగపిల్లవాడు పుట్టి, పేరు పెట్టకుండానే పోయాడు. ఆమె ఏడవలేదు. ఎంత నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకి ఆమె చేతులు మొద్దుబారాయి. వేడి తెలీదు, చలి తెలీదు. ఒకరోజు మండుతున్న పొయ్యి కమ్మీ మీద చెయ్యి ఆనించి, వంటమనిషితో సాయంత్రం భోజనం సంగతి మాట్లాడుతూ ఉండిపోయింది. కమురు వాసన తగిలి వంటమనిషే ఆ చెయ్యి పట్టి లాగింది. అప్పుడూ ఆమె ఏడవలేదు. ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు.

ఆడపడుచు యార్క్‌లో మతి తప్పినవాళ్ళని ఉంచే ఒక చోటు చూసిపెట్టింది. పెద్ద తోట, ఎత్తు గోడలు. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి రావడం అరుదు. జోసయా చెడ్డవాడు కాదు, అక్క మాటకి ఎదురు చెప్పలేడు, అంతే. "ముందు క్రాగ్‌వెల్‌లో చూద్దాం. నయమైందని డాక్టరంటే క్రిస్మస్‌కి ఇంటికొస్తుంది. లేదంటే నువ్వన్నట్టే చేద్దాం," అన్నాడు.

ఇంట్లో ఐదేళ్ళ కూతురు ఉంది. ఫీబి. లెటిషియాకి అప్పటికి లోకంలో ఏదీ పెద్దగా పట్టేది కాదు, ఫీబి దగ్గరికి తిరిగి వెళ్ళాలన్నది ఒక్కటి తప్ప. అది కూడా కోరికలా ఉండేది కాదు. చేసి తీరాల్సిన పనిలా గుర్తుండేది.

డాక్టర్ థ్రోప్‌ది ఎర్రటి బుగ్గల నవ్వు ముఖం. నరాల జబ్బు ముందు చెవికి పడుతుందని ఆయన నమ్మకం. కంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుందనేవాడు. అందుకని రోజూ పొద్దున అందరూ ఫలహారానికి కూర్చున్నాక, వాళ్ళ కుర్చీల వెనక నెమ్మదిగా నడుస్తూ ఒక్కొక్కరినీ అడిగేవాడు.

"రాత్రి ఏమన్నా వినిపించిందా?"

"లేదు డాక్టర్."

"మీకు?"

"లేదు డాక్టర్."

చర్చిలో ప్రార్థనకి జవాబులు చెప్పినట్టు బల్ల చుట్టూ అదే మాట తిరిగేది. ఆ తరవాతే గుడ్లు పగలగొట్టుకునేవారు.

ఇదంతా లెటిషియాకి వివరించి చెప్పింది మిస్ ఆకెండెన్. పక్క గది ఆవిడ. ఎండిన కొమ్మలా ఉండే ముసలి మనిషి, పెళ్ళి కాలేదు, నోరు మాత్రం మహా పదును. రాత్రంతా పొడి దగ్గు దగ్గేది. ఆ దగ్గుకి అలవాటుపడితే గానీ ఆ వరండాలో ఎవరికీ నిద్రపట్టేది కాదు.

"చూడమ్మాయ్," అంది మొదటి రోజే. "మటన్ మిగల్చకు. నీళ్ళు తాగిన ప్రతిసారీ ఆహా అను. రాత్రి ఏం వినిపించినా వినిపించలేదను. ఇదే ఇక్కడి వైద్యం. మిగతాదంతా తడి బట్టలు."

"ఏమన్నా వినిపిస్తుందా?"

"అదిగో. అలా అడగకూడదు."

"మీకు వినిపించిందా, మిస్ ఆకెండెన్?"

ముసలావిడ ఊలు అల్లుతున్న సూదులు ఆపింది.

"వచ్చిన కొత్తలో నిజం చెప్పాను. ఒక్కసారే. పదకొండేళ్ళయింది."

మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే, ఆవిడ విషయంలో ఆ ఒక్క మాట దాటింది, ఆవిడ మాత్రం ఆ కొండ దాటలేదు.

"ఇంకోటి," అంది కాసేపాగి. "చుట్టేముందు ముక్కు బాగా గోక్కో. చేతులు లోపల పెట్టి కట్టేశాక దురద మొదలైందనుకో, నరకంలో కూడా అంత శిక్ష ఉండదు. రాజద్రోహులకి ఇది వేస్తే చాలు, ఉరి ఎందుకు?"

"పక్కన గంట తాడు ఉందిగా?"

"ఉంది. చేతులున్నవాళ్ళ కోసం."

లెటిషియాకి నవ్వు రాలేదు. కానీ చాలా నెలల తరవాత, ఇది నవ్వాల్సిన మాట అని తెలిసింది.

వారానికోసారి డాక్టరు ఆమె ముందు రెండు గిన్నెల నీళ్ళు పెట్టేవాడు. ఒకదాంట్లో వేడివి, ఒకదాంట్లో చల్లవి. చేతులు ముంచి ఏది ఏదో చెప్పాలి. దానికీ ముసలావిడే ఉపాయం చెప్పింది. "వేడి గిన్నె అంచున చెమ్మ పడుతుంది. చేత్తో ఎందుకూ, కంటితో చూడు." లెటిషియా అలాగే చూసి చెప్పింది. నయమవుతోందని డాక్టరు పొంగిపోయాడు. జోసయాకి కబురు వెళ్ళింది, శనివారం మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళమని.

శుక్రవారం సాయంత్రం లెటిషియా పెట్టె సర్దుకుంది. భోజనాల దగ్గర మిస్ ఆకెండెన్ కనిపించలేదు. ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఒకరు భోజనానికి రాకపోవడం వింత కాదు. బయట మంచు పడుతోంది. దీపం ఆర్పి పడుకుంది. రేపీపాటికి ఫీబి పక్కన ఉంటాననుకుంది. అనుకున్నాక ఏమన్నా సంతోషం వస్తుందేమోనని చూసింది... రాలేదు.

అప్పుడు వినిపించింది.

"విప్పండి..."

గొంతు గదిలోంచే వచ్చినట్టుంది. లెటిషియా కదల్లేదు. మళ్ళీ వచ్చింది. చల్లారిన పొయ్యిలోంచి. ఆ పొయ్యి గొట్టం కింది గది మీదుగానే పైకి వస్తుంది.

"ఎవరైనా... విప్పండి..."

ఆమె దుప్పటి తల మీదికి లాక్కుంది. ఇదన్నమాట అనుకుంది. పదకొండేళ్ళు ఇక్కడ పడేసేది ఇదేనన్నమాట. ఈ ఒక్క రాత్రీ చెవులు మూసుకుంటే తెల్లారుతుంది. తెల్లారితే బండి వస్తుంది.

గొంతు ఆగలేదు. మధ్యమధ్యలో ఆయాసం తీర్చుకుని మళ్ళీ అడుగుతోంది. దెయ్యానికి ఆయాసమేమిటి...

ఆ ఆలోచన వచ్చాక ఆమెకి పడుకోబుద్ధి కాలేదు. శాలువా కప్పుకుని, దీపం లేకుండా వరండాలోకి వచ్చింది.

వరండా అంతా చీకటి. కానీ ప్రతి తలుపు కిందా సన్నటి వెలుగు గీత. కర్నల్ ఫెన్విక్ తలుపు కింద. తేయాకు వ్యాపారి భార్య మిసెస్ ప్లమ్ తలుపు కింద. అందరూ కొవ్వొత్తులు వెలిగించుకునే ఉన్నారు. అందరూ మేలుకునే ఉన్నారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

మెట్లు దిగింది. గోడ తడుముకుంటూ కింది గది దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. ఇనుము చల్లగా ఉండి ఉంటుంది, ఆమెకి తెలియలేదు.

లోపల నిశ్శబ్దం.

తరవాత, తలుపుకి ఆవలి పక్కనుంచి, చిన్నగా... విసుగ్గా...

"నా ముక్కు..."

లెటిషియా తలుపుకి చెవి ఆనించింది.

"దేవుడా, ఈ ముక్కు దురద..."

దెయ్యాలకి ముక్కు దురద ఉండదు. ఆ సంగతి ఆమెకి ఆ క్షణానే తెలిసింది. లోపల ఉన్నది మనిషి. ఎవరో కూడా తెలిసింది. గొళ్ళెం ఎత్తడమొక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే పైమెట్టు మీద వెలుగు పడింది. రాత్రి కాపలా ఆయా హనా, చేతిలో లాంతరు.

ఈ వేళప్పుడు, ఈ గది ముందు, చేత గొళ్ళెం పట్టుకుని తను కనబడితే... రేపు బల్ల దగ్గర డాక్టరు అడగక్కర్లేదు. మధ్యాహ్నం జోసయా వస్తాడు. సాయంత్రానికి యార్క్. లెటిషియాకి ఆ ఎత్తు గోడలు కళ్ళకి కట్టాయి. ఫీబి వాటికి ఆవల ఉంది.

హనా వస్తోందిగా అనుకుంది. హనా తీస్తుంది. ఇది ఆవిడ పనే కదా.

గొళ్ళెం వదిలేసింది. నౌకర్ల మెట్ల వైపు జరిగి, చీకట్లో చడీచప్పుడు కాకుండా పైకెక్కి, తన గదిలో మంచమెక్కింది. గొంతు ఇంకో రెండు మూడుసార్లు వినిపించింది. ఆ తరవాత ఆగిపోయింది.

హమ్మయ్య, హనా విప్పేసింది అనుకుంది. ఆమెకి నిద్రపట్టింది కూడా.

మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటే. ఎందుకు మెలకువ వచ్చిందో కాసేపు తెలియలేదు. తరవాత తెలిసింది. పక్క గదిలో దగ్గు లేదు.

లేచి వెళ్ళి మిస్ ఆకెండెన్ తలుపు తట్టింది. తోసింది. పక్క పరిచినది పరిచినట్టే ఉంది. అల్లిక సూదులు దిండు మీద.

ఈసారి దీపం తీసుకుని, ఎవరు చూస్తారన్నది లేకుండా దిగింది. కింది గది గొళ్ళెం తీసింది.

గదిలో నిప్పు లేదు. ఇనప మంచం మీద కంబళ్ళ చుట్ట. దాని కొసన చిన్న ముఖం. కళ్ళు సగం తెరుచుకుని పైకప్పుకేసి చూస్తున్నాయి.

"మిస్ ఆకెండెన్..."

దీపం నేల మీద పెట్టి విప్పడం మొదలుపెట్టింది. కంబళి మీద కంబళి. ఎన్ని చుట్లు తిప్పినా అవి తరగడం లేదు. లోపలి దుప్పటి బిగుసుకుపోయి ఉంది. పళ్ళతో పట్టి లాగింది. చేతులు బయటపడ్డాయి. ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. అవి వెచ్చగా ఉన్నాయో, చల్లబడ్డాయో తనకి తెలియదు.

నుదురు ముట్టుకుంది. మెడ ముట్టుకుంది. పాదాలు పట్టుకుంది. తన వేళ్ళకి అన్నీ ఒకటే, కర్ర ముట్టుకున్నా మనిషిని ముట్టుకున్నా. ఆ ముసలి చేతుల్ని రుద్దింది. చాలాసేపు రుద్దింది. బతికుందేమో. బతికుంటే ఇదే సమయం. బతికి లేకపోతే... తను ఎవరికి సేవ చేస్తోందో కూడా తెలియకుండా రుద్దుతూనే ఉంది.

చివరికి వంగి తన చెంప ఆవిడ నోటికి ఆనించింది. చెంపకి చల్లదనం తెలిసింది.

మంచం పక్కన గంట తాడు వేలాడుతోంది. లెటిషియా దాన్ని పట్టుకుని లాగింది. ఇల్లంతా లేచేదాకా లాగుతూనే ఉంది.

జరిగిందేమిటో తెల్లారేలోగా కూడదీసుకున్నారు. దగ్గు తగ్గి నిద్రపడుతుందని డాక్టరు ఆవిడకి సాయంత్రం పూట కూడా తడి చుట్టు వెయ్యమని రాశాడు. పైన చుట్టే గదిలో పొయ్యి పొగ చిమ్ముతుంటే, క్లెగ్ అనే ఆయా ఈ ఒక్కసారికీ ఏమవుతుందిలే అని కింది గదిలో చుట్టింది. దాని మంచితనం, గాలి చొరబడకుండా తలుపు కూడా గట్టిగా మూసింది. ఇంతలో కూతురికి నొప్పులని కబురొస్తే ఊళ్ళోకి పరిగెత్తింది. గేటు దగ్గర హనా ఎదురైతే, "మిస్ ఆకెండెన్‌ని విప్పు," అని కేకేసి పోయింది. ఏ గదిలోనో చెప్పలేదు.

హనా పైగదిలో చూసింది. ఎవరూ లేరు. ఎవరో విప్పేశారనుకుంది. రాత్రి గస్తీలో కింద నుంచి "విప్పండి" అని వినిపిస్తే మెట్ల మీదే ఆగిపోయి, ప్రభువు ప్రార్థన మొదట్నుంచీ చివరిదాకా చదివి, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆ గదిలో ఉండేది అదేగా డాక్టర్," అని ఏడ్చింది హనా. "ఎప్పుడూ అడిగే మాటే కదా అడిగింది. మనిషని నాకెలా తెలుస్తుంది?"

డాక్టర్ థ్రోప్ లెటిషియాని తన గదిలోకి పిలిచి, స్వయంగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మిసెస్ హార్‌గ్రీవ్, మీరు మంచినీళ్ళకి లేచారు. కింద తలుపు ఓరగా ఉంటే చూశారు. అంతే కదా?"

ఆమె జవాబు కోసం ఆయన ఆగలేదు.

"ఆవిడ గుండె బలహీనం. చుట్టిన కాసేపటికే, నిద్రలో పోయింది. ఏ బాధా పడలేదు. పిలిచే అవకాశమే లేదు. పిలిస్తే వినిపించిందని ఎవరన్నా అంటే... అది వాళ్ళ నరాలు వినిపించిన మాట." ఆయన నవ్వాడు. ఆ నవ్వులో దుర్మార్గం లేదు. తను చెప్పేది తనే నమ్ముతున్నాడు. "మధ్యాహ్నం మీ ఆయన వస్తున్నారు. మీ గురించి ఆయనతో మంచి మాట చెప్పాలని నా ఆశ."

అన్నీ అర్థమయ్యాయి ఆమెకి. అంత వివరంగా ఏ వైద్యుడూ ఏ జబ్బు గురించీ చెప్పి ఉండడు.

ఫలహారాల బల్ల దగ్గర అందరూ వచ్చి కూర్చున్నారు. లెటిషియా ఎదురు కుర్చీ ఖాళీ. పనమ్మాయి అలవాటు కొద్దీ ఆ గ్లాసులో కూడా నీళ్ళు పోసేసింది. పోశాక ఏం చెయ్యాలో తెలియక నించుంది.

డాక్టరు కుర్చీల వెనక నడక మొదలుపెట్టాడు.

"కర్నల్, రాత్రి ఏమన్నా వినిపించిందా?"

"లేదు డాక్టర్." కర్నల్ ఫెన్విక్ సిక్కు యుద్ధాల్లో గాయపడ్డ మనిషి. గుడ్డుకేసి చూస్తూ చెప్పాడు.

"మీకు, మిసెస్ ప్లమ్?"

"లేదు డాక్టర్. హాయిగా నిద్రపట్టింది."

"మీకు?"

"లేదు డాక్టర్."

అడుగులు లెటిషియా కుర్చీ వెనక ఆగాయి.

"మిసెస్ హార్‌గ్రీవ్?"

ఆ తరవాత ఆమె చేసినదాన్ని ధైర్యమంటారు కొందరు. నాకలా అనిపించదు. ఎదుట ఆ గ్లాసుంది. దాన్నిండా నీళ్ళున్నాయి. తాగి ఆహా అనాల్సిన మనిషి లేదు. లేదు డాక్టర్ అనడానికే ఆమె నోరు తెరిచింది. మాట మాత్రం వేరేది వచ్చింది.

"విన్నాను."

బల్ల దగ్గర ఒక చెంచా ఆగింది.

"ఏం విన్నారు?" డాక్టరు గొంతు మెత్తగానే ఉంది.

"ముక్కు దురద పెడుతోందని అంది. విప్పమని అంది. చాలాసేపు అడిగింది. ఇక్కడ అందరి తలుపుల కిందా దీపాలు వెలుగుతున్నాయి."

ఎవరూ తలెత్తలేదు. కర్నల్ ఉప్పు అందుకుని, అప్పటికే ఉప్పు వేసుకున్న గుడ్డు మీద మళ్ళీ చల్లుకున్నాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మిసెస్ ప్లమ్ ఆమెకేసి ఒక్కసారి చూసి, చప్పున తల తిప్పేసుకుంది.

"అయ్యో," అన్నాడు డాక్టర్ థ్రోప్. నిజంగానే బాధపడ్డాడు. "బాగా కోలుకుంటున్నారనుకున్నాను."

లెటిషియా అన్నీ చెప్పింది. ఒక్కటి చెప్పలేదు. మొదటిసారి దిగినప్పటి సంగతి. గొళ్ళెం మీద చెయ్యి వేసిన సంగతి. అది ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

జోసయా వచ్చాడు. డాక్టరుతో తలుపు వేసుకుని మాట్లాడాడు. బయటికి వచ్చేసరికి టోపీ చేతిలో నలుగుతోంది. హాల్లో ఆమె పెట్టె సిద్ధంగా ఉంది. దానికేసి చూశాడు గానీ ఆమెకేసి చూడలేకపోయాడు.

"లెట్టీ, లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా."

"అవును."

"సోమవారం అక్క వస్తుంది. యార్క్‌కి ఆవిడే తీసుకెళ్తుంది." టోపీని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఫీబికి ఏమని చెప్పను?"

"పండక్కి వస్తానని చెప్పండి."

"ఏ పండక్కి?"

ఆమె పెట్టెకేసి చూసింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాడు. నొక్కాడని ఆమెకి చూస్తే తెలిసింది.

బండి మంచులో కొండ దిగిపోయింది. ఏడుపు వస్తుందేమోనని లెటిషియా కిటికీ దగ్గర చాలాసేపు నించుంది. అది కూడా రాలేదు. నౌకరు వచ్చి పెట్టె మళ్ళీ పైకి మోసుకెళ్ళాడు.

ఆ రాత్రి ఇల్లు త్వరగా సద్దుమణిగింది. లెటిషియా మంచం మీద కూర్చుంది. పొయ్యిలోంచి ఏ గొంతూ రాలేదు. పక్క గదిలో దగ్గు లేదు. అలా ఎంతసేపు గడిచిందో... వరండాలో ఎవరో నడిచిన చప్పుడు.

బరువైన అడుగులు. ఒక కాలు కాస్త ఈడుస్తూ. తలుపు ముందు ఆగాయి.

"మిసెస్ హార్‌గ్రీవ్..." కర్నల్ గొంతు. తలుపు సందుకి నోరానించి మాట్లాడుతున్నాడు. "నేనూ విన్నాను."

అడుగులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాయి. ఎక్కడో తలుపు మూసుకుంది.

కాసేపటికి పట్టు గౌను గరగర.

"అమ్మా, నేనూ విన్నాను." మిసెస్ ప్లమ్ ఏడుస్తోంది. "దేవుడి మీద ఒట్టు, బల్ల దగ్గర చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు."

ఆ గరగరా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇంకెవరో. ఆ తరవాత మరొకరు. ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే చెప్పారు, గుసగుసగా. పగలు ఒక్కరూ అనని మాట రాత్రి తలుపవతల అందరూ అన్నారు. హనా కూడా వచ్చింది. మాట పెగలక తలుపుకి నుదురు ఆనించి వెళ్ళిపోయింది.

వాళ్ళ మీద లెటిషియాకి కోపం రాలేదు. జాలీ రాలేదు. వినడం ఒక్కటే మిగిలింది ఆమెకి, విన్నది.

అంతా అయిపోయింది. వరండాలో ఆఖరి తలుపు కూడా మూసుకుంది. ఆమె దీపం ఆర్పి తల దిండు మీద పెట్టుకుంది.

అప్పుడు, తలుపు సందులోంచి... చాలా చిన్నగా...

"అమ్మాయ్..."

లెటిషియా కళ్ళు తెరిచింది.

"నేనూ విన్నాను."

అందులో కోపం లేదు. ఏడుపు లేదు.

"నువ్వు తలుపు దాకా రావడం. గొళ్ళెం ఎత్తబోయి... వదిలేసి వెళ్ళిపోవడం."

ఆమె లేచి కూర్చుంది. చీకట్లో తలుపుకేసి చూస్తూ, అడుగులు వెనక్కి వెళ్తున్న చప్పుడు కోసం తెల్లారేదాకా చెవులు రిక్కించి వింది. వెళ్ళిన చప్పుడు లేదు.